బొమ్మకు పెట్టిన వేరే గొంతు

తెలంగాణ ఉద్యమంల సమ్మె నడిచి బడులు మూతపడ్డ రోజులు. నేను కోరుట్లల ఒక ప్రైవేటు బడిల డ్రాయింగ్ టీచర్‌ను. ఇంట్ల ఊకె కూసోబుద్ధిగాక బొమ్మతోని సినిమా తియ్యాలని మొదలుపెట్టిన. బొమ్మను రవ్వంత కదిలిచ్చి ఒక ఫోటో, మల్ల రవ్వంత కదిలిచ్చి ఇంకో ఫోటో. వరుసగ నడిపిస్తే బొమ్మే కదిలినట్టు అనిపిస్తది.

బొమ్మ మా అమ్మ, బీడీలు చేసుకుంట కూసున్నట్టు. తీగె మెలేసి లోపలి ఎముకలు చేసిన, దూది చుట్టిన, పైపుల సందులు మూసే ఎంసీలు ముద్దతోని తల చేసిన. సిరిసిల్లల సాంచాల మీద బట్ట నేసే మా అక్క పంపిన గుడ్డముక్కతోని చీర కట్టిన. వేళ్లే నన్ను సతాయించినయ్. వంచంగ వంచంగ తీగె తెగేది. అమ్మ పక్కన కూసొని, "బొటనవేలు గట్ల వంగదు బిడ్డా, గోరుతోని మడతపెట్టాలె" అని చూపెట్టేది.

బొమ్మ మాటలు సుత అమ్మవే. పని చేసుకుంటనే చెప్పింది: "పొద్దుగాల ఆకు తడిపిన. గిప్పుడు చెయ్యి ఆపితే మాపటికి పొయ్యి మండదు." ఫోన్ల రికార్డు చేసిన.

జగిత్యాలల కేబుల్ చానల్ నడిపే ఒకాయన వేస్తనన్నడు. ఫోటోల సీడీ, గొంతున్న మెమరీ కార్డు ఆయనకే ఇచ్చిన. సినిమా వచ్చిన రోజు మా వాడకట్టు ఆడోళ్లంత మా ఇంట్లనే కూసున్నరు. బొమ్మ నోరు తెరిచింది. గొంతు అమ్మది కాదు. ఎవరో ఆమె వార్తలు చదివినట్టు, "ఉదయమే ఆకులు తడిపాను" అంటున్నది.

అమ్మ నా దిక్కు చూసింది. "నేనేమన్న తప్పు చెప్పిన్నా?"

ఒళ్లు మండిపోయింది. బస్సులు లేకుంటే ఆటోలు మారుకుంట జగిత్యాల పోయిన. ఆయన బల్ల మీద తెలంగాణ పటం ఉన్నది.

"నీ మంచికే మార్పిచ్చిన చెల్లె," అన్నడాయన. " గట్ల మాట్లాడితే కామెడీ అనుకొని నవ్వుతరు."

"ఎవలు నవ్వుతరు? చూసేటోళ్లంత మనోళ్లేనాయె. మీరు గిప్పుడు నాతోని ఏ భాషల మాట్లాడుతున్నరు?"

ధర్నాలల మన భాష, మన యాస అని మైకు పట్టుకొని చెప్పేటోడు గాయన. కార్డు, సినిమా సీడీ అడిగి తీసుకున్న. కార్డుల అమ్మ గొంతు లేదు. ఎవరో చెరిపేసి పాటలు ఎక్కించుకున్నరు.

వారం తర్వాత అక్క అమ్మను, నన్ను సిరిసిల్లకు పిలిచింది. నేతపనోళ్ల దీక్ష టెంట్ల టీవీ పెట్టిన్రు. సినిమా మొదలుగాంగనే అమ్మ లేచింది.

"సౌండు బంద్ చెయ్యి. నేనే చెప్త."

టీవీ పక్కన నిలబడి చెప్పింది. బొమ్మ నోటి కన్న ముందుకు పోయింది, ఆగింది, మల్ల అందుకున్నది. సినిమా అయిపోయినంక సుత నడుమునొప్పి గురించి, దగ్గు గురించి చెప్పుకుంటనే ఉన్నది. ఒక్కరు నవ్వలే.

రాష్ట్రం వచ్చినంక ఆ చానలాయన ఫోన్ చేసిండు. రాష్ట్ర ఆవిర్భావ పండుగకు బొమ్మ సినిమా కావాలట, అచ్చం మన యాసల ఉండాలట. అమ్మను అడిగిన. ఆకు కోస్తున్న కత్తెర ఆపకుండనే, "ఇయ్యనని చెప్పు" అన్నది. గంతే చెప్పి ఫోన్ పెట్టేసిన. ఇంకో రెండు మాటలు అనకపోతినే అని ఇప్పటికీ నా మనసు నిమ్మళం గాలేదు.