తెరుచుకోని జాబితా

తాక్ యంగ్‌సిల్‌కు ఫోను మోగితే భయం. వింటే నవ్వొస్తుంది గానీ, ఆమె ఉద్యోగమే ఫోను ఎత్తడం. మా కౌంటీ కార్యాలయం రెండో అంతస్తులో కంప్యూటర్ల గది మాది. ఊళ్ళ నుంచీ బడుల నుంచీ "ఫైలు తెరుచుకోవడం లేదు", "తెరంతా తెల్లగా వస్తోంది" అంటూ వచ్చే ఫోన్లన్నీ ఆమె బల్ల మీదే మోగేవి. పక్క బల్ల నాది. మోగిన ప్రతిసారీ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకుని, అప్పుడు ఎత్తేది.

"కరుస్తుందా అక్కా అది?" అని ఏడిపించేవాణ్ణి.

"కరిస్తే కట్టు కట్టించుకోవచ్చు. అది తిడుతుందిరా," అనేది.

అంతకుముందు చేపలవాళ్ళ సహకార సంఘంలో టైపిస్టు. ఆ సంఘం మూతపడ్డాక ముప్పై ఐదో ఏట మా దగ్గర కాంట్రాక్టు మీద చేరింది. కాంట్రాక్టు ఏడాదికోసారి. డిసెంబరు వస్తే అన్నం సహించేది కాదు. ఆ భయం వల్లే పని బాగా చేసేదేమో అని నాకనిపిస్తుంది. తెలియనిది తెలిసినట్టు ఎప్పుడూ చెప్పలేదు. "ముందు మీ తెర మీద ఏముందో ఉన్నదున్నట్టు చదవండి," అనేది ఎవరితోనైనా.

ఆ ఏప్రిల్ రోజు పొద్దుటి నుంచే కొండల మీది నుంచి సముద్రం వైపు గాలి విసురుగా వీస్తోంది. పదకొండు గంటలకు పైన్ అడవిలో ఎక్కడో నిప్పంటుకుందని తెలిసింది. ఒంటిగంటకు మా కిటికీలోంచి ఆకాశం గుమ్మడిపండు రంగులో కనిపించింది. అందరి చేతుల్లో ఫోన్లు ఒకేసారి హెచ్చరికలతో కీచుమన్నాయి. ఎనిమిది ఊళ్ళను ఖాళీ చేయించమని ఉత్తర్వు. అందులో వోల్‌గోక్ ఒకటి.

తనంత తాను బయటికి రాలేనివాళ్ళ పేర్లు, ఇళ్ళ గుర్తులు, ఎవరికి ఏం జబ్బో ఆ వివరాలు ప్రతి ఊరికీ ఒక జాబితాగా మా సంక్షేమ విభాగం నెలనెలా తయారు చేస్తుంది. ఏ ఊరి జాబితా ఆ ఊరిపెద్ద తన పాస్‌వర్డుతో బ్రౌజర్‌లో తెరుచుకుని చూడాలి. ఇతరులకు కనిపించదు. యంగ్‌సిల్‌కూ కనిపించదు.

ఒకటీ ఇరవైకి ఆమె ఫోను మోగింది. నాకూ వినిపించేలా స్పీకర్ నొక్కి పెట్టింది.

"వోల్‌గోక్ ఊరి హాలు నుంచి మేంగ్ దొక్సుని. జాబితా నొక్కితే బూడిదరంగు పెట్టె ఒకటి వస్తోంది, మధ్యలో చిరిగిన కాగితం బొమ్మ. అంతే. సంక్షేమంవాళ్ళ ఫోను అరగంట నుంచి ఖాళీ లేదు."

మేంగ్ దొక్సు రెండేళ్ళ క్రితమే ఇంచియాన్ నుంచి వచ్చి బంగాళాదుంపలు వేసుకుంటున్న మనిషి. పాత ఊరిపెద్ద పక్షవాతంతో ఆసుపత్రిలో చేరడంతో, చలికాలం చివర బాధ్యత ఇతని నెత్తిన పడింది. వోల్‌గోక్ అంటే ఐదు లోయల్లో చెల్లాచెదురుగా అరవై ఇళ్ళు. ఎవరు మంచం మీద ఉన్నారో ఇతనికి తెలియదు.

"ఊరిపెద్ద గారూ, పేజీని మళ్ళీ తెరిచి చూశారా?"

"పదిసార్లు చూశానమ్మా! పదిసార్లూ అదే బొమ్మ. పొగ కనిపిస్తోందిక్కడ. ఇది వదిలేసి ఇల్లిల్లూ తిరగనా?"

తిరగమంటే అరవై ఇళ్ళు తిరగడానికి టైము చాలదు. ఉండమంటే మంటలు రావచ్చు.

"రెండు నిమిషాలు," అంది. "లింకు మీద కుడివైపు బటన్ నొక్కి, 'సేవ్' అన్నదాన్ని ఎంచుకోండి. బ్రౌజర్‌లో తెరవొద్దు. కంప్యూటర్‌లో దాచి, అక్కడి నుంచి తెరుద్దాం."

ఏదో కింద పడ్డ చప్పుడు. ఆయన బూతు మాట ఒకటి. తర్వాత, "దాచాను. తెరిస్తే 'ఫైలు పాడైపోయింది' అంటోంది."

"దాని సైజు ఎంతుందో చదవండి."

"రెండు వందల పది."

తన తెర మీద ఆమె ఫైలు లోపలిది చూడలేదు గానీ సైజు చూడగలదు. ఎనిమిది వందల నలభై.

"పావు వంతే వచ్చింది," అంది నాతో, గొంతు తగ్గించి. "మొదటిసారి తెరిచినప్పుడు నెట్ తెగి ఉంటుంది. ఆ తెగిన ముక్కనే బ్రౌజర్ దాచుకుని, అడిగినప్పుడల్లా అదే ఇస్తోంది."

"అయితే దాచుకున్నదంతా తుడిచేయమను."

"అంతా తుడిస్తే ఆయన లాగిన్ కూడా పోతుంది. మళ్ళీ పాస్‌వర్డు అడుగుతుంది." ఫోను వైపు తిరిగింది. "ఊరిపెద్ద గారూ, పాస్‌వర్డు గుర్తుందా?"

"నాకా? పాత ఆయన కూతురొచ్చి పొద్దున కొట్టిపెట్టి వెళ్ళింది. ఆ పిల్ల ఫోను ఎత్తడం లేదు."

యంగ్‌సిల్ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది. ఒక్కటి తప్పు నొక్కి లాగిన్ పోతే ఆ జాబితా ఇక ఆయనకు దొరకదు. తన మాట మీదే నొక్కుతాడు. అప్పుడే అవతల "అయ్యో, కరెంటు!" అని వినిపించింది. "వచ్చింది, వచ్చింది. దీపం ఒకసారి మిణుకుమంది, అంతే."

"ఎడమచేతి కింది మూల మీట ఒకటి, దాని మీదున్నది ఒకటి, రెండూ నొక్కిపట్టి, కుడివైపు 'డిలీట్' కొట్టండి. చిన్న పెట్టె వస్తుంది. ఏమీ నొక్కకండి, చదవండి."

"మూడు గడులున్నాయి. మూడింటికీ టిక్కులున్నాయి."

"మూడూ చదవండి."

"చూసిన పేజీల చరిత్ర. కుకీలు. దాచిన బొమ్మలు, ఫైళ్ళు."

"మొదటి రెండింటికీ టిక్కు తీసేయండి, మీ లాగిన్ కుకీల్లోనే ఉంది. తీశారా? ఇప్పుడు మళ్ళీ చదవండి, దేనికి టిక్కు ఉందో."

"అమ్మా తల్లీ, ఇదేం బడిపరీక్షా? పొగ గదిలోకి వస్తోంది!"

"చదవండి అయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"మూడోది. దాచిన బొమ్మలు, ఫైళ్ళు. అదొక్కటే."

"నొక్కండి."

యంగ్‌సిల్ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"ఇప్పుడు జాబితా మీద నొక్కండి."

"తిరుగుతోంది... ఇంకా తిరుగుతోంది..." నేను గోడ గడియారం వైపు చూశాను. "వచ్చింది! మూడు పేజీలు! పదకొండు మంది. ప్రింటరులో ఇంకు లేదు, ఏం చేయను? రాసుకునేసరికి..."

"మైకులో చదవండి," అంది యంగ్‌సిల్. "ఊరి మైకు ఆ గదిలోనే ఉంటుందిగా? చదివేయండి. ట్రక్కులున్నవాళ్ళు వింటారు."

ఆయన చదవడం ఫోనులోనూ వినిపించింది, బయట కొండలకు తగిలి వచ్చే ప్రతిధ్వనితో సహా. పేరు, ఇల్లు, జబ్బు. కింది లోయలో నీలం రేకుల ఇల్లు, నడుము విరిగింది. వాగు పక్కన, చూపు లేదు. తొమ్మిదో పేరు దో బున్‌ర్యే, పై లోయలో చిట్టచివరి ఇల్లు, ఆక్సిజన్ యంత్రం మీద ఉంది. అక్కడ ఆయన ఆగిపోయాడు. "ఈ ముసలమ్మ ఆసుపత్రి నుంచి ఎప్పుడొచ్చింది? ఎవరికైనా తెలుసా? సరే, ఆమె కోసం నేను వెళ్తున్నా!" అని మైకులోనే అరిచాడు. ఆ తర్వాత లైను తెగింది.

తర్వాతి రెండున్నర గంటలూ యంగ్‌సిల్ కుర్చీలోంచి లేవలేదు. వేరే ఊళ్ళ ఫోన్లకు జవాబు చెబుతూనే ఉంది, గొంతు మాత్రం ఎవరిదోలా ఉంది. నాలుగు గంటలకు ఖాళీ చేసినవాళ్ళను చేర్చిన బడి వ్యాయామశాల నుంచి కబురొచ్చింది. పదిమంది చేరారు. దో బున్‌ర్యే రాలేదు, మేంగ్ దొక్సు రాలేదు, పై లోయ దారిని మంటలు దాటేశాయి. యంగ్‌సిల్ ఫోను మెల్లగా పెట్టేసింది.

"రెండు నిమిషాలన్నాను," అంది. "పదకొండు పట్టింది. ఆ తొమ్మిది నిమిషాలూ నావే."

బార్లీ టీ తెచ్చి ముందు పెట్టాను. తాగలేదు.

ఐదున్నరకు మేంగ్ దొక్సే ఫోను చేశాడు, ఎవరిదో సెల్‌ఫోను నుంచి. కొండ వెనక కలప లారీల మట్టిదారి పట్టుకుని సముద్రపు ఒడ్డుకు దిగాడట. ముసలమ్మ పక్కనే ఉంది. చిన్న సిలిండరు మీద ఊపిరి పీలుస్తూ, ట్రక్కు సరిగ్గా నడపలేదని తిడుతోందట. యంగ్‌సిల్ "ఆఁ", "ఆఁ" అంటూ వింది. పెట్టేశాక బల్ల మీద తలపెట్టి ఏడ్చింది.

ఆ ఊళ్ళో తొమ్మిది ఇళ్ళు కాలిపోయాయి. మేంగ్ దొక్సు ఇల్లు కూడా. మనుషులెవరూ పోలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. మే నెలలో ఒక కాగితం వచ్చింది. తన తల్లి జబ్బు ఊరంతటికీ మైకులో చాటారని ఒకాయన ఫిర్యాదు చేశాడు. మా విభాగాధికారి సొన్‌ఊ గారు యంగ్‌సిల్‌ని పిలిచారు, నేనూ వెంట వెళ్ళాను.

"జబ్బులు కూడా మైకులో చదవమన్నది ఎవరు? ఊరిపెద్ద తనంతట తనే చదివాడని రాసేద్దామా?"

ఆయన దారి చూపిస్తున్నారు. ఒప్పుకుంటే సరిపోయేది.

"నేనే అన్నానండీ. పేర్లు మాత్రం చదవమని చెప్పాల్సింది. తోచలేదు."

లిఖితపూర్వకంగా మందలించారు. ఆ డిసెంబరంతా ఆమె ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియక మూడు కిలోలు తగ్గింది. ఉంది.

ఇప్పటికీ ఫోనుకు భయపడుతుంది. అయితే మార్చి వచ్చి గాలి మొదలైతే, ఎవరూ చెప్పకుండానే నలభై మూడు ఊళ్ళకూ తానే ఫోను చేస్తుంది. తాను వింటూండగానే జాబితా తెరవమంటుంది, చివరి పేజీ దాకా చూపించమంటుంది, కాగితం మీద తీసి బీరువాలో పెట్టి తాళం వేయమంటుంది. ఊరిపెద్దలు విసుక్కుంటారు.

మొన్న మేంగ్ దొక్సుకు చేసింది. ఆయనింకా ప్రభుత్వం ఇచ్చిన రేకుల గదిలోనే ఉంటున్నాడు.

"మళ్ళీ నువ్వేనా తల్లీ? విత్తనపు దుంపలు కోస్తున్నా, చేతులు ఖాళీ లేవు."

"కడుక్కుని రండి, ఆగుతాను."

"తెరుచుకుంటుందిలే, నిన్ననే చూశా."

"ఈ రోజు చూడండి అయ్యా. ఎంతమంది ఉన్నారో చదివి చెప్పండి."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళడం వినిపించింది. యంగ్‌సిల్ ఫోను చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది.