బాపమ్మ బల్ల

ఆ రోజుల్లో, అంటే అమీర్‌పేట దాటితే పొలాలు, పంజాగుట్ట అంటే నిజంగానే గుట్టలుగా ఉన్న నలభైల మొదట్లో, నాకు సైకిళ్ల పిచ్చి ఉండేది. మా బాపు దర్జీ. నేతపని చేసే ఊరి నుంచి వచ్చిన కుటుంబం కనుక కొడుకు కూడా బట్టతోనే బతకాలని ఆయన పట్టుదల. మేం అద్దెకున్న ఇంటి పక్కన, యజమాని ఒకప్పుడు మోటారు నిలిపిన షెడ్డు ఖాళీగా పడి ఉండేది. అందులో సైకిళ్లు బాగుచేస్తానని కాళ్లావేళ్లా పడితే, "దసరా దాక చూస్త. బల్ల ఏసి పని సక్కగ నడిపితే సరే. లేకుంటే కుట్టుమిషన్ మీద కూసోవాలె" అన్నాడు.

పని వచ్చు, బల్లే కుదరలేదు. మొదట షాబాద్ బండ పరిచాను. తొలి సుత్తి దెబ్బకే పగిలింది (బండ అంటే గట్టిదని నమ్మడం నా అమాయకత్వం). మామిడి చెక్క వేస్తే వానకు వంగిపోయి, నట్లన్నీ జారి కిందపడేవి. దాని మీద రేకు కొడితే పక్కింటి పెద్దమ్మ వచ్చి, "నీ రేకు సప్పుడుకు మా బర్రె పాలిస్తలేదు బిడ్డా" అని గొడవ.

దసరా దగ్గరపడేసరికి నా కన్ను బాపమ్మ, అంటే బాపు తల్లి, పడుకునే బల్ల మీద పడింది. పాత మగ్గం విప్పి, ఆ టేకుతో తాత చేయించింది. సిగ్గు విడిచి అడిగాను. "తీస్కపో బిడ్డా. నేను సుత వస్త" అంది. హాస్యమనుకున్నాను. మరునాడు అన్నం తిన్నాక, పరుచుకునే బొంత ఇంట్లోనే వదిలేసి, దిండు ఒక్కటి చంకన పెట్టుకుని షెడ్డుకు వచ్చేసింది. "బల్ల ఇచ్చిన గని పగటినిద్ర ఇయ్యలే" అంటూ సుత్తులు, పానాల మధ్య పడుకుంది. ఇక రోజూ అదే వరస.

పండుగ ముందునాడు మధ్యాహ్నం ఒక నవాబుగారి దేవిడీలో, అంటే మహల్లో, కాపలా కాసే జవాను గొలుసు ఊడిన సైకిల్ తోసుకొచ్చాడు. ఆ వెనకే, పని చూడ్డానికి బాపు. బల్ల మీద బాపమ్మ. "గిదేంది భాయ్, దుకాణంల ముసలవ్వ పండుకున్నది?" అన్నాడు జవాను. నా పని అయిపోయిందనుకున్నాను. లేపడానికి మనసొప్పక నేల మీదే సైకిల్ పడుకోబెట్టి, "పానా ఏడవోయిందో" అని గొణిగాను. బాపమ్మ కళ్లు తెరవకుండానే దిండు కింది నుంచి ఒకటి తీసి అందించింది. అది నట్టు మీద జారుతుంటే, "గది గాదు, చిన్నది" అని ఇంకోటి ఇచ్చింది. అతికినట్టు సరిపోయింది. జవాను పకపకా నవ్వాడు. బాపు నవ్వు ఆపుకోలేక బయటికి నడిచాడు.

మరునాడు పూజలో బాపు సుత్తికి, పానాలకు, గాలి పంపుకు తలా ఒక బంతిపువ్వు పెట్టి, చివరి పువ్వు బాపమ్మ దిండు మీద ఉంచాడు. "మా అమ్మ సుత నీ సామాన్లనే లెక్క. మంచిగ చూస్కో" అన్నాడు. కుట్టుమిషన్ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ క్షణంలో నా అంత అదృష్టవంతుడు హైదరాబాదులో లేడనిపించింది.

ఇప్పుడు నాకు ఆమె వయసొచ్చింది. మొన్న అన్నం తిన్నాక సరదా పుట్టి, దిండు ఒక్కటి వేసుకుని ఆ బల్ల మీద నడుం వాల్చాను. వీపంతా ఒత్తుకుపోయింది. ఎంత దొర్లినా కునుకు రాలేదు. షెడ్డు కప్పు చూస్తూ ఒక్కణ్ణే నవ్వుకున్నాను. బాపమ్మ ఇక్కడ ఒక్కనాడూ నిద్రపోలేదని తెలుసుకోవడానికి నేను ఇంత ముసలివాణ్ణి కావలసి వచ్చింది.