నాలుగో గుడ్డు

అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని మేకన్‌లో, చర్చి విందులకు కూరిన గుడ్లు చెయ్యడం ఏళ్ళ తరబడి వెర్డెల్ హక్కు. ఉడికిన పచ్చసొనను ఆవముద్దతో మెదిపి, తెల్లసొన దొప్పల్లో ఆవిడలా ఇంకెవరూ నింపలేరని పాస్టరుగారే తీర్పిచ్చారు.

అటువంటి వెర్డెల్‌ను స్నేహితురాళ్ళు ఇమోజీన్, కోరా ఖరీదైన కొత్త హోటలుకు లాక్కొచ్చారు. ముగ్గురికీ కలిపి నాలుగు కూరిన గుడ్డు దొప్పలొచ్చాయి. తలా ఒకటి తీసుకున్నారు. తనది తినగానే వెర్డెల్ గుండెల్లో రాయి పడింది. తనవాటికన్నా బాగున్నాయేమో! తేల్చుకోవాలంటే ఇంకోటి తినాలి. కానీ పళ్ళెంలో చివరి ముక్క మీద చెయ్యి వేస్తే, ఆ ఊళ్ళో పెంపకం సరిగా లేనివాళ్ళ కింద లెక్క.

“నువ్వు తిను కోరా,” అంది వెర్డెల్.

“అమ్మో, నా పొట్టలో చోటేదీ? నువ్వే తినక్కా.”

“నాకెందుకమ్మా!” అంది వెర్డెల్, కుర్చీలో అటూ ఇటూ కదులుతూ.

“చూపు మాత్రం దానిమీదే ఉందే,” అంది ఇమోజీన్.

వేయించిన కోడి వచ్చింది, అయిపోయింది. దాని రుచేమిటో వెర్డెల్‌కు తెలియలేదు. చివరికి సర్వరు వచ్చి గుడ్ల పళ్ళెం తియ్యబోయాడు. వెర్డెల్ తన పెంపకాన్ని దేవుడికి వదిలేసి, గుడ్డును గబుక్కున నోట్లో వేసుకుంది.

“ఎలా ఉందక్కా?” అంది కోరా, నోరు తెరిచి.

వెర్డెల్ చాలాసేపు నమిలింది. “పాపం, బాగానే చేశారు,” అంది.

ఆ ఆదివారం చర్చి విందుకు ఆవిడ బంగాళదుంప సలాడ్ పట్టుకెళ్ళింది.