సరిచేసిన ఫోటో

మలుపులో ఫోటో స్టూడియో నడిపే ఆ మనిషిని వీధిలో అందరూ చుక్కలాయన అంటారు. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తమంటూనే ఆయన తన పురాణం విప్పేవాడు. కంప్యూటర్లో బొమ్మంటే లక్షల చుక్కలే. ఒక్కో చుక్క రంగుకీ ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను ఒకటి అటూ ఇటూ చేస్తే ఎవరి కంటికీ తెలియదు, కానీ అలా మార్చిన అంకెల్లో ఒక ఉత్తరమే దాచెయ్యొచ్చు. వినేవాళ్ళు ఆవులించేవారు. ఫోటో పాడయ్యేది. మళ్ళీ తీసేవాడు.

బొమ్మల్లో దాచిన మాటలు వెతికి పట్టడమంటే ఆయనకు ప్రాణం. ఎక్కడెక్కడివాళ్ళో ఇంటర్నెట్లో పెట్టే చిక్కుముడులన్నీ విప్పేవాడు. భార్య పోయాక ఇంట్లో మిగిలింది ఆయనా, కూతురూ. లోకం మీద ఎన్ని కబుర్లైనా చెబుతారు గానీ, మనసులో మాట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ నాలుక మడతపడుతుంది. అందుకని అలాంటి మాటలు బొమ్మల్లో పెట్టుకునేవారు. కూతురు పరీక్ష తప్పిన సంగతి ఆయనకు ఒక సబ్బుపెట్టె ఫోటోలోంచి తెలిసింది. పోతే పోయిందిలే తల్లీ అని గొడుగు ఫోటోలో జవాబిచ్చాడు. పై వాటాలో ఉండే ఆయన అక్క ఇదంతా చూసి, "మీ ఇద్దరూ నోళ్ళు ఎక్కడ తాకట్టు పెట్టార్రా?" అని దెప్పిపొడిచేది.

ఆటకు నియమాలు ఉన్నాయి. దాచినవాళ్ళు తమ దగ్గర కాపీ ఉంచుకోకూడదు. విప్పేవాళ్ళు అసలు బొమ్మను ముట్టుకోకూడదు, ముందుగా కాపీ తీసుకోవాలి. ఎందుకంటే వెలుతురు ఇసుమంత పెంచినా అంకెలన్నీ మారిపోయి దాచిన మాట మంటగలిసిపోతుంది.

ఒక సోమవారం స్టూడియోలో ఊపిరాడని పని. ఆయన కంప్యూటర్లో ఒకదాని తర్వాత ఒకటి ఫోటోలు తెరవడం, వంకర సరిచెయ్యడం, వెలుతురు పెంచడం, సేవ్ కొట్టడం. మెదడు ఎటో పోయినా చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. అలా ఒక ఫోటో సేవ్ కొట్టాక గాని అది తన స్టూడియో తలుపుదేనని ఆయన చూడలేదు. దాని పేరు చూస్తే 'నాన్నకి' అని ఉంది, కూతురు పెట్టిన బొమ్మ. పోయిన ఫైళ్ళను తవ్వితీసే ప్రోగ్రాములన్నీ వాడాడు. ఏమీ రాలేదు.

సాయంత్రం కూతురు ఇంట్లో చెప్పులు విప్పుతూ, అటు తిరిగే అడిగింది. "చూశావా నాన్నా?"

పాడుచేశానని అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. కానీ ఎంత జటిలమైన బొమ్మనైనా విప్పుతానని పేరున్నవాడాయె. పైగా పాడైంది కూతురు దాచిన మాట. "చూశానమ్మా," అన్నాడు.

"తొందరేం లేదు. ఆలోచించుకుని శుక్రవారంలోగా చెప్పు చాలు."

చెప్పాలట! దేనికి జవాబు చెప్పాలి?

ఇక ఆయనకు కాలు ఒకచోట నిలవలేదు. పెళ్ళి సంగతా? ఒంట్లో బాగాలేదా? కూతురు దగ్గితే ఉలిక్కిపడ్డాడు, ఫోన్లో నవ్వితే చెవులు రిక్కించాడు. ఒక పెద్దాయన ఫోటోలో మచ్చ తుడవబోయి మీసం సగం తుడిచేసి చీవాట్లు తిన్నాడు. అక్కను కదిపి చూశాడు. "నీ కూతురి మనసు నన్ను అడుగుతావేంట్రా? ఎదురుగానే ఉందిగా, వెళ్ళి అడుగు!" అంది ఆవిడ. అడగడానికి కూతురి గది గుమ్మం దాకా వెళ్ళి, కరెంటు బిల్లు కట్టావా అని అడిగి వచ్చేశాడు.

శుక్రవారం అన్నాలు తినేటప్పుడు కూతురు ఆయన ముఖంలోకి చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఆయన మంచినీళ్ళు తాగాడు. మళ్ళీ తాగాడు. ఆమె కంచం తీసుకుని లేచిపోయింది.

శనివారం పొద్దున స్టూడియోలో ఒక మనిషి అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. కూతురు కెమెరా సర్దుతోంది. ఇక ఆయన వల్ల కాలేదు.

"అమ్మా, నేను ఆ ఫోటో చదవలేదు. పొరపాటున సరిచేసి సేవ్ కొట్టేశాను. అందులో ఏముందో నాకు తెలీదు."

కూతురి చెయ్యి ఆగిపోయింది. "చదవలేదా?"

"లేదు."

"పాత ఫిల్ములు బాగుచేసేచోట నాకు ఉద్యోగం వచ్చింది నాన్నా. వేరే ఊళ్ళో. వెళ్ళనా అని అడిగాను. నువ్వేమీ అనకపోతే, నీకు ఇష్టం లేదనుకుంటాను, ఉండిపోతాను అని కూడా రాశాను." "నిన్న రాత్రి వాళ్ళకు రానని చెప్పేశాను."

ఆ మాట వినగానే ఆయన మనసు గంతేసింది. పిల్ల ఎక్కడికీ పోదు. ఇల్లు బోసిపోదు. సిగ్గుపడాల్సిన సంతోషమే, అయినా కడుపు నిండా సంతోషం. దాన్ని ముఖం మీదికి రానివ్వకూడదనుకునేలోపే వచ్చేసింది.

"సంతోషంగా ఉంది కదూ?" అంది కూతురు. కోపంగా కాదు, ఊరికే.

కాదని బుకాయించబోయాడు. కూతురి కళ్ళల్లో నీళ్ళు చూశాక నోరు రాలేదు.

"ఉంది. చదివి ఉన్నా వద్దనే అనేవాణ్ణేమో. అందుకే నా మాట పట్టించుకోకు. ఇప్పుడే ఫోన్ చెయ్యి. మా నాన్న బుర్రలేనివాడు, ఒక ఫోటో పాడుచేశాడని చెప్పు."

"వేరేవాళ్ళను తీసుకుని ఉంటారు."

"ఉంటే అప్పుడు ఏడుద్దాం. ముందు చెయ్యి!"

ఆమె ఫోన్ తీసుకుని గుమ్మంలోకి వెళ్ళింది. ఆయన కెమెరా తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. బయట మాటలు వినపడుతున్నాయి గానీ అర్థం కావడం లేదు. తల దువ్వుకోవడం అయిపోయిన మనిషి కుర్చీలో కూర్చుని ఎటు చూడాలో తెలియక పైకప్పు చూస్తున్నాడు.

కూతురు లోపలికి వచ్చింది. "ఇంకా ఎవర్నీ తీసుకోలేదట. వచ్చే నెల రమ్మన్నారు."

ఆయన మంచిదమ్మా అని ఊరుకుందామనుకున్నాడు.

"నాకు చాలా బాధగా ఉందమ్మా," అన్నాడు, కుర్చీలో మనిషి ఉలిక్కిపడేంత బిగ్గరగా. "అయినా వెళ్ళు."