కొత్త ఇంజను పదునెక్కేదాకా

మా ఇంటికి కారొచ్చినాంక మూడు నెల్లు మేమెవరమూ మనుషులం కాదు. ఇంట్లో మనిషంటే ఆ నల్ల కారొక్కటే. దానికి ఎండ తగలకూడదు, దుమ్ము పడకూడదు, దాని పక్కన నిలబడి గట్టిగా తుమ్మకూడదు. తలుపు ఎంత మెల్లగా వేసినా "ఏమ్మే, ఇల్లు కూలగొడతాండావా?" అని మా నాయన కేక పెడతాండె.

అరవైల నాటి మాట. ధర్మవరంలో మా నాయనా, చిన్నాయనా కలిసి పట్టుచీరల యాపారం చేస్తాండిరి. ఇద్దరూ వయసులో మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేసినోళ్లే. కారు కోసం పేరు రాయించి ఏండ్లకేండ్లు కాచుకోనుండిరి. కారు ఇద్దరిదీ. తోలేది మాత్రం మా నాయనొక్కడే, ఎందుకంటే స్టీరింగ్ పట్టుకుంటే చిన్నాయనకు చేతులు వణుకుతాయి. ఇంటికి పెద్ద మా అవ్వ. ఆయమ్మ మాటకు కొడుకులిద్దరూ ఎదురు చెప్పరు. పిల్లల్లో నేను పెద్దదాన్ని, నా వెనక ఇద్దరు చెల్లెండ్లు.

బెంగుళూరులో కారు చేతికిచ్చేటప్పుడు ఆడ మెకానిక్ ఒక మాట చెప్పినాడంట. ఇంజను కొత్తది, లోపల ఇనుముకూ ఇనుముకూ ఇంకా పొత్తు కుదరలేదు, మొదటి ఐదు నూర్ల మైళ్లు ముప్పై దాటకుండా తోలితే పదునెక్కుతాది అని. అంతే, ఆ పొద్దు నుంచి మాకు శని పట్టింది. ఆయన ముప్పై అంటే మా నాయన ఇరవై చేసినాడు. "ముప్పై అన్యాడంటే, దాంట్లో సగం అమ్మేవాడి ధైర్యం" అనె. వెనకద్దానికి ఒక అట్ట కట్టించినాడు. దాని మీద ఎర్రసిరాతో "కొత్త బండి, మీరు ముందు పోండి" అని రాయించినాడు. ముందు పోనోడెవడు? సైకిలోడు పోయె, జట్కా పోయె, ఒకరోజు శెనక్కాయ మూటలేసుకున్న ఎద్దుల బండోడు మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి, "ఏమన్నా, ఎద్దులేమన్నా కావల్నా?" అని అడిగిపోయె. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్లాయె. మా నాయన వానికి చెయ్యెత్తి నమస్కారం చేసె!

అంతటితో నిలిచినా బాగుండు. మూడు నూర్ల మైళ్లకు ఇంజనాయిలు మొత్తం కార్చేసి కొత్తది పొయ్యల్ల అని కూడా మెకానిక్ చెప్పిండె. మా నాయన స్టేషను కాడ ఉండే రిపేరు షెడ్డుకు తోలుకపోయినాడు, తొందరగానే వచ్చినాడు. గొప్పగా చెప్పినాడు, సగమే కార్పించినానని.

ఇది మా నేతోళ్ల బుద్ధి, ఇంకెవరికీ రాదు. మా ఇండ్లల్లో మగ్గాన్ని ఎప్పుడూ ఖాళీ చేయరు. ఒక పడుగు నేసేది ముగిసినాంక, ఆ చివరి దారాలను మూరెడు, పోగులు దూరే అచ్చులోనే విడిచిపెడతారు. కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే ఆ పాత పోగులకు మెలిపెట్టి అతికిస్తారు. వేల పోగులు, రోజుల తరబడి కూచ్చోని ఆడోళ్లు అతికిస్తారు. పాతది పట్టుకోని కొత్తది లోపలికి వస్తాది. మగ్గం ఉత్తగా కనపడితే ఇంటికి మంచిది కాదని అవ్వ కూడా చెప్పేది. మా నాయన ఇంజనుకూ అదే లెక్క వేసినాడు.

"కొత్త ఇంజను అరిగి రజను రాలుంటాదన్నా, ఆ పాత ఆయిలంతా ఇనుపరజనే, చుక్క కూడా పెట్టకూడదు" అని షెడ్డాయన మొత్తుకున్యాడంట. "పాతదాన్ని పట్టుకోనే గదప్పా కొత్తది వచ్చేది, పూర్తిగా ఖాళీ చేస్తే ఇంజను కళ తప్పుతాది" అని మా నాయన. షెడ్డాయనకు విసుగొచ్చి, మీ కారు మీ ఇష్టం అనేసినాడు. ఇంట్లో అందరూ తలలూపినారు. చిన్నాయన అయితే "మంచి పని చేస్తివి" అనె. నాకు మాత్రం ఆ ఇనుపరజను మాట చెవిలో గీరుకుంటానే ఉండె. చెప్పితే వినే మనిషా? చెప్పలేదు.

అప్పుడొచ్చింది నాకు హిందూపురం టీచరు ట్రైనింగ్ స్కూలు నుంచి కార్డు. ఫలానా రోజు పదకొండు గంటలకు పేర్లు పిలుస్తారు, సర్టిఫికెట్లు తెచ్చుకోని రావల్ల, పిలిచినప్పుడు పలకనోళ్ల సీటు వరసలో తర్వాతోళ్లకు పోతాది. అవ్వకు నేను చదివేది ముందు నుంచీ ఇష్టం లేదు. చిన్నాయన అవ్వ పక్క. నాయన ఇద్దర్నీ బతిమాలి, బతిమాలి, ఒక ఒప్పందానికి తెచ్చినాడు. సీటొస్తే నేను పోవచ్చు. రాకపోతే ఇంక ఈ ఇంట్లో ఆడపిల్లల చదువు మాట ఎత్తకూడదు. ఆడపిల్లలంటే నేనొక్కదాన్నే కాదు, ముగ్గురం.

పొద్దున ప్యాసింజరు ఎక్కితే ఎండ ముదరకముందే హిందూపురంలో దిగొచ్చు. నేను రైల్లోనే పోతానంటి. మా నాయన మొహం ఎట్ల వెలిగిందో చెప్పలేను. "రైలెందుకు? మీటర్లో నాలుగు నూర్ల ఇరవై అయింది. హిందూపురం పోయొస్తే ఐదు నూర్లు దాటుతాది!" అనె. చూసినారా? నా బతుకు ఆ కారుకు మైళ్ల కింద పనికొచ్చింది.

ఆరున్నరకు ఇల్లు విడిస్తిమి. టెంకాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, ఇరవైలో బయలెల్లితిమి. పది మైళ్లు పోతానే రోడ్డు పక్కన నిలిపె. బానెట్ ఎత్తె. జ్వరమొచ్చిన బిడ్డను చూసినట్ల వెనకచేత్తో తాకి చూసె. "రవ్వంత వేడెక్కింది, అరగంట ఊపిరి తీసుకోనీ" అనె. గొర్లు కాసుకునేటోళ్లు నలుగురు వచ్చి చుట్టూ నిలబడిరి. వాళ్లకు ఇంజను గురించి పాఠం మొదలాయె. నేను సర్టిఫికెట్ల సంచి ఒళ్లో పెట్టుకోని లోపల ఉడికిపోతాండా.

"నాయనా, పోదాం పట్టు, పొద్దుపోతాంది."

"శానా టైముండాదిలే మే. తొందర పెడితే ఇంజను చెడతాది."

మళ్లీ పది మైళ్లు, మళ్లీ బానెట్, మళ్లీ పాఠం. పెనుకొండ చేరేసరికి తొమ్మిది దాటింది. అక్కడ చీరలు కొనే ఒకాయన ఇంటి ముందర నిలిపె. ఆయన ఎక్కి కూచ్చోని హారను కొట్టి చూసె. ఆయన పెండ్లాం హారతి తెచ్చి తిప్పె. ఉప్మా తినిపోవల్ల అని పట్టుపట్టె. మా నాయన చేతులు కడుక్కోని కూచ్చునె! నేను ఒక్క ముద్ద ముట్టలేదు. కోటగోడ మీది ఎండ చూస్తా, ఈ పాటికి రైలు హిందూపురంలో ఉండాది, నేను రైల్లో లేను, అనుకుంటా నిలబడుకోనుంటి.

సోమందేపల్లి దాటినాంక మళ్లీ కారు ఎడమపక్కకు లాగి నిలపబోయె. ఆయన చేతి గడియారం చూస్తి. పదిన్నరకు పది నిమిషాలు తక్కువ. ఇంకా పదైదు మైళ్లుండాది. నా అరికాలి మంట నెత్తికెక్కింది. కారు నిలిచేదాకా కూడా ఆగలేదు. ఆ కారు నడకకు ఆగల్సిన పనేముంది? తలుపు తీసి దిగేసి, సంచి చంకలో పెట్టుకోని, హిందూపురం దిక్కు మొహం పెట్టి నడిస్తి.

కారు నా పక్కనే మెల్లగా వస్తాంది. "ఎక్కు మే, ఎవరన్నా చూస్తే నవ్వుతారు."

"చూడనీ! నీ కారుకన్నా నేనే ముందు పోతా. నీకు కూతుర్లు ముగ్గురు కాదు నాయనా, నలుగురు. నాలుగోది ఇది. మా ముగ్గురి బతుకూ దీని వేడి తగ్గేదాకా రోడ్డు పక్కన నిలబడల్ల. ఈ పొద్దు నేను ఆడ పలకకపోతే రేపట్నుంచి నా చెల్లెండ్లు అవ్వ పక్కన కూచ్చోని పోగులు అతికిస్తారు. నువ్వు మాత్రం ఇరవైలో తోలుకో, నీ ఇంజను సల్లగుంటాది!"

నాయనతో అంత గొంతెత్తి ఎప్పుడూ మాట్లాడలేదు. కండ్లలో నీళ్లు కారిపోతాండాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. కారు నిలిచింది.  ఆయన పక్కకు వంగి, లోపల్నుంచి తలుపు తోసి, "ఎక్కు" అన్నాడు.

ఎక్కితి. అప్పుడు తోలినాడు మా నాయన. ముల్లు ముప్పై దాటె. నలభై దాటె. నేను జీవితంలో ఎప్పుడూ అంత గాలి మొహాన కొట్టించుకోలేదు. యాభై దాటె. పొద్దున మమ్మల్ని దాటిపోయిన శెనక్కాయ లారీ యాడనో నిలిచుంటే దాన్ని దాటేస్తిమి. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ ఆగలేదు. ఆయన మాత్రం రోడ్డు మీద చూపు తిప్పలేదు. 

హిందూపురం ఇంకా ఐదారు మైళ్లుందనంగా ముందర నుంచి చిన్న చప్పుడు మొదలాయె. టకటకా అని. నేను ఆయన దిక్కు చూస్తి. ఆ చప్పుడు ఆయనకు వినపడకుండా ఎట్లుంటాది? రాత్రి పిల్లి బానెట్ మీద దూకితే లేచొచ్చే మనిషి.  పాదం రవ్వంత కూడా ఎత్తలేదు. "నాయనా, చప్పుడు" అంటి. "వింటాండా. నువ్వు సంచి జాగ్రత్తగా పట్టుకో" అన్నాడు.

ఊరి మొదట్లో శెనక్కాయ నూనె మిల్లు కాడ అదొక పెద్ద కేక పెట్టి, కుదిపి, నిలిచిపోయింది. కాలిన వాసన. బానెట్ సందుల్లోంచి పొగ. నాయన బానెట్ ఎత్తలేదు. కనీసం చేత్తో కూడా తాకి చూడలేదు. రోడ్డు మధ్యకు పరిగెత్తి ఒక జట్కాను నిలిపి, నన్ను ఎక్కించి, "ట్రైనింగ్ స్కూలు, ఎంత తొందరగా పోతే అంత!" అని చెప్పి, గుర్రం తొడ మీద తానే ఒకటి చరిచినాడు.

నేను వసారాలో కాలు పెట్టేసరికి పేర్లు పిలుస్తాండారు. నా పేరు ఇంకా రాలేదు. నా పేరు పిలిచినప్పుడు ఊపిరాడక సరిగా పలకలేకపోతి, చెయ్యెత్తితి. సీటొచ్చింది.

తిరిగొచ్చేసరికి జత ఎద్దులతో కారును ఒక షెడ్డుకు లాగించిండిరి. ఆడ ఉండే ముసలి మెకానిక్ కింద నుంచి ఆయిలు వేలికి రాసుకోని మాకు చూపించినాడు. నల్లగా, వెలుతురులో మెరుస్తా. "ఇంత రజను కడుపులో పెట్టుకోని అంత స్పీడు పోతే ఏ ఇంజను బతుకుతాదన్నా? మెల్లగా పోయుంటే ఇంకొన్నాళ్లు లాగుండు. కొత్త కారు చంపేస్తివి గదా" అనె. నాయన తలొంచుకోని విన్నాడు. తర్వాత నా దిక్కు తిరిగి, "సీటొచ్చిందా?" అన్నాడు. వచ్చిందంటి. "మంచిది" అన్నాడు.

సాయంత్రం రైల్లో ఇల్లు చేరితిమి. వాకిట్లోనే అవ్వా, చిన్నాయనా. కారు యాడ, ఏమాయె? నేను నోరు తెరిచేలోపల నాయన అందుకున్యాడు. "నా బుద్ధి గడ్డి తినింది. ఆయిలు మొత్తం మార్పించు అన్నా వినకపోతి. ఇరవైలోనే పోతాంటిమి, ఉన్నట్లుండి పట్టేసుకునింది." చిన్నాయన నెత్తి కొట్టుకునె. అవ్వ మా నాయనను తిట్టిన తిట్లు ఈడ రాయలేను. ఆయన గోడకానుకోని అన్నీ తిన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వంటింట్లో అన్నం పెడతా అడిగితి. "అబద్ధమెందుకు చెప్తివి నాయనా? స్పీడు మాట ఎందుకు చెప్పలేదు?"

"అబద్ధం ఏముంది? ఆయిలు సంగతి నిజమే గదా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పాప చదువు కారును మింగిందని ఈ ఇంట్లో ఒక్కసారి మాటొస్తే, నీ చెల్లెండ్ల పుస్తకాలు రేపే అటకెక్కుతాయి. కారును నేను మింగినానని ఉండనీ. నువ్వు నోరు మూసుకోని ట్రైనింగుకు పో" అన్నాడు.

నోరు మూసుకున్యా. నా అంత నోరున్న దానికి అదెంత కష్టమో ఎవరికి చెప్పుకునేది? ధర్మవరంలో ఆయన పేరే ఆయిలు షావుకారు అయిపోయింది. కాఫీ హోటల్లో నవ్వేటోళ్లు, చీరల బేరాల్లో నవ్వేటోళ్లు, పెండ్లి పందిట్లో కూడా నవ్వేటోళ్లు. ఆయన ఒక్కసారన్నా, ఒక్కరికన్నా, సగం మాటన్నా చెప్పుంటే నా కడుపులో మంట తగ్గుండు. చెప్పలేదు. ఇంత మొండితనం నేనెవరిలోనూ చూడలేదు.

నాకు ఉద్యోగమొచ్చినాంక, పెద్ద చెల్లెల్ని కూడా ట్రైనింగుకు పంపాలనే మాటొచ్చింది. అవ్వ ఈసారి అడ్డం పడలేదు. చిన్నాయనే నాయన భుజం మీద చెయ్యేసి, ఇంటిల్లిపాదీ వినేటట్ల, "ఆడపిల్లల్ని చదివించే తెలివి నీకుండాదన్నా, ఒప్పుకుంటా. ఇనుము జోలికి మాత్రం పోవద్దు, నీకు దండం పెడతా" అన్నాడు. అందరూ పొట్ట చెక్కలయ్యేటట్ల నవ్విరి. నా చెల్లెండ్లు కూడా నవ్విరి. మా నాయన వాళ్లతో పాటే నవ్వినాడు, నవ్వి, పెద్ద చెల్లెల్ని పిలిచి సర్టిఫికెట్లు తీసిపెట్టుకోమన్నాడు.