ఎక్కేవాడిదే దారి

కుర్చీలో కూర్చుంటే ఓబులేసుకు జవాబులు రావు. ఈ సంగతి అతని భార్య సుగుణమ్మ మూడు రోజుల్లోనే కనిపెట్టింది. ఆమె ఫోను చూసి ప్రశ్న చదవడం మొదలుపెట్టగానే అతని కుడికాలు గచ్చు మీద బ్రేకు వెతుక్కునేది. రెండో ప్రశ్నకు లేచి నీళ్లు తాగేవాడు. మూడో ప్రశ్నకు వాకిట్లో ఉండేవాడు.

"యాడికి పోతాండావయ్యా? ఈడ నేను అడుగుతాంటే!"

"అడుగు మే. ఆడి నుంచే వింటాండా."

"వింటే పాసు చెయ్యరు. చెప్పాల."

నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఇరవై రెండేళ్లుగా లారీ తోలుతున్నాడు. ఇప్పుడు కొత్తగా బండి నేర్చుకునేవాడిలా నంద్యాల పోయి, కంప్యూటరు ముందు కూర్చుని, ఎల్లెల్లార్ పరీక్ష రాయాలి.

దీనికి కారణం దేవుడే అంటాడు ఓబులేసు. ఆళ్లగడ్డలో చెక్కిన రాతి విగ్రహాలను ఊరూరికీ చేరవేసే బండి అది. బండి శిల్పి రాజశేఖరాచారిది, స్టీరింగు ఓబులేసుది. వరిగడ్డి మందంగా పరిచి, విగ్రహాన్ని పడుకోబెట్టి, ముఖానికి పసుపుగుడ్డ కప్పి తీసుకుపోతారు. కళ్లు తెరిపించేది గుళ్లోనే కాబట్టి ఆచారికి అది అప్పటిదాకా రాయే. దారిలో జనానికి ఆ తేడా పట్టదు. బండి ఆపి బంపరుకు టెంకాయ కొడతారు. చెక్‌పోస్టులో పోలీసులు టోపీ తీసి దండం పెట్టి, "పో నాయనా, పో" అంటారు. దేవుణ్ని ఎక్కించుకున్న బండిని కాగితాలు అడిగినవాడు లేడు. ఎవరూ అడగలేదు గనక ఓబులేసు కూడా తన లైసెన్సు మీద తేదీ చూసుకోలేదు.

వేసవిలో మైదుకూరు దగ్గర ఒక వినాయకుణ్ని దించేసి ఖాళీగా వస్తుంటే చాగలమర్రిలో బండి ఆపారు. పోలీసు వెనక్కి పోయి చూశాడు. గడ్డి తప్ప ఏమీ లేదు. వచ్చి చెయ్యి చాపాడు.

"ఏమప్పా, ఈ లైసెన్సు చచ్చి రెండేండ్లయింది. దినాలన్నా చేసినావా?"

గడువు దాటి ఏడాది లోపయితే తిప్పి రాయించుకోవచ్చునట. రెండేళ్లయితే మొదటి నుంచి రావాల్సిందే. ముందు కంప్యూటరు పరీక్ష, ఆ తర్వాత నెల ఆగి బండి తోలి చూపించడం.

సంగతి విన్న ఆచారి ఉలి పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"శ్రావణం మొదటి శనివారానికి ఆంజనేయుడు గిద్దలూరు చేరాల ఓబులేసూ. తొమ్మిదడుగులు. ఆలోపల నీ చేతిలో లైసెన్సు ఉంటే నువ్వే తోలు. లేకుంటే జీవన్‌కుమార్ తోల్తాడు. ఈ ఒక్కసారికే అని చెప్పను. అప్పుడు స్టీరింగు వానిదే."

జీవన్‌కుమార్ తొమ్మిదేళ్లు ఓబులేసు దగ్గర క్లీనరుగా చేసి, అతని దగ్గరే బండి నేర్చుకున్నవాడు. నిరుడే హెవీ లైసెన్సు తీసుకున్నాడు. ఆ మాట వింటున్నంతసేపూ లారీ టైర్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. సంతోషపడ్డాడో లేదో ఓబులేసుకు అంతుబట్టలేదు. అదే అతన్ని ఎక్కువగా తొలిచింది.

చివరికి సుగుణమ్మే ఉపాయం చెప్పింది. సాయంత్రాలు ఇద్దరూ ఆచారి షెడ్డుకు పోయి, నిలబెట్టిన లారీ ఎక్కేవాళ్లు. అతను స్టీరింగు ముందు, ఆమె పక్క సీట్లో. బయట రాయి మీద ఉలి దెబ్బలు, లోపల ఆమె గొంతు. చేతికి స్టీరింగు తగిలేసరికి జవాబులు వచ్చాయి. కాకపోతే అవి పుస్తకంలో జవాబులు కావు.

"బడి కాడ హారన్ కొట్టొచ్చా?"

"విగ్రహముంటే మేము యాడా కొట్టం."

"విగ్రహం సంగతి నేను అడగల్యా. సరే, ఇంకోటి. ఘాట్ రోడ్డు ఇరుకుగా ఉంది. ఒక బండి ఎక్కుతాంది, ఒకటి దిగుతాంది. ఎవరికి దారియ్యాల?"

"దిగేవానికి."

"తప్పు. ఎక్కేవానికి."

ఓబులేసు సీట్లోనే ఇటు తిరిగాడు. "ఎవడు రాసినాడు మే అది? ఆరు టన్నుల రాయి వీపు మీద పెట్టుకోని దిగేవాణ్ని ఆగమంటే ఆగుతాడా? నల్లమల ఘాటులో ఎవుర్నన్నా అడుగు. పసుపుగుడ్డ కనపడితే చాలు, ఎక్కే బండ్లు ఒక పక్కకు నిలబడతాయి. ఆ రాసినోణ్ని నా బండి ముందర నిలబడమను, చూస్తాం."

"వాడు రాడులే. నువ్వు పోవాల వాని కాడికి."

మొదటిసారి పోయింది జూన్ మూడోవారంలో. నంద్యాల ఆర్టీవో ఆఫీసులో వేసింది కాళ్లకు చక్రాలున్న తిరిగే కుర్చీ. ప్రశ్న రాగానే అలవాటుగా కాలు బ్రేకు తొక్కడం, కుర్చీ వెనక్కి జారడం. పక్కనున్న అమ్మాయి ఒకసారి నవ్వింది, రెండోసారి విసుక్కుంది. ఇరవై ప్రశ్నల్లో పన్నెండు ఒప్పు కావాలి. ఒక్కోదానికి అర నిమిషం. అతను అక్షరాలు కూడబలుక్కునేలోపు సగం సమయం పోయేది.

పద్దెనిమిదో ప్రశ్న ఘాట్ రోడ్డు. చదవనక్కర్లేకుండానే గుర్తుపట్టాడు. పుస్తకం ఏమంటుందో తెలుసు. వేలు పైకి లేచింది, ఆగింది, దిగేవాడి మీద పడింది.

పదకొండు వచ్చాయి.

"వారం తర్వాత రాప్పా" అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండానే.

ఆళ్లగడ్డ బస్సులో ఓబులేసుకు సీటు దొరికినా కూర్చోలేదు. దారి పొడుగునా డ్రైవరు వెనకాలే నిలబడి, అతను గేరు మార్చాల్సిన చోటల్లా తన కాలు కదిపాడు.

సంగతి విన్న సుగుణమ్మ చేతిలో ఫోను పక్కన పెట్టింది.

"తెలిసి తెలిసి తప్పు పెట్టినావా?"

"తప్పు గాదు అది."

"ఆచారికి ఇదే చెప్తావా? నాది తప్పు గాదు సామీ, నువ్వు బండి మాత్రం జీవన్‌కియ్యి అని?"

ఆ వారమంతా అతను ఒకచోట నిలిచింది లేదు. వద్దన్నా పోయి లారీ కడిగాడు. ఉదయం గాలి చూసిన టైరుకే మధ్యాహ్నం మళ్లీ చూశాడు. షెడ్డులో ఆంజనేయుడికి అప్పటికే తోక వచ్చింది, గద వచ్చింది. రోజూ ఏదో ఒకటి పూర్తవుతూనే ఉంది.

గురువారం సాయంత్రం క్యాబిన్లో సుగుణమ్మ ఫోను చూడకుండా అడిగింది.

"ఎప్పుడూ నువ్వు దిగేదే చెప్తావు. గిద్దలూరు పోవాలంటే ముందు ఎక్కాల గదా. నువ్వు ఎక్కుతాంటే నిన్ను ఎవడూ ఆపల్యా?"

ఓబులేసు స్టీరింగు మీద పేరుకున్న రాతిపొడిని అరచేత్తో తుడిచాడు.

"ఒకసారి ఆపినాడు. ట్యాంకరోడు. పైనుంచి నిలపకుండా వస్తా ఉంటే నేనే నిలిపినా. నంది ఉండె బండిలో. మళ్లీ ఎత్తుకోల్యా బండి. వెనక్కి జారె."

"ఎంత దూరం?"

"చానా దూరం. జీవన్ దూకి వెనక చక్రానికి రాయి పెట్టినాడు. రాయితో పాటు వేలూ పెట్టినాడు. ఆ గోరు మళ్లీ రాల్యా వానికి."

"గోరు తలుపులో పడిందని చెప్పినారు గదా నాకు, మీ ఇద్దరూ?"

"ఇంకో ప్రశ్న అడుగు" అన్నాడు ఓబులేసు.

రెండోసారి పోయేటప్పుడు, ఘాట్ ప్రశ్న వస్తే పుస్తకం చెప్పినట్టే పెట్టాలని మనసు గట్టి చేసుకున్నాడు. కుర్చీ చక్రానికి చెప్పు అడ్డం పెట్టాడు. ప్రశ్నలు ఒక్కొక్కటే వచ్చాయి, పోయాయి. ఇరవై అయిపోయాయి. పదిహేను ఒప్పు. ఘాటు మాత్రం రాలేదు.

"సార్, ఘాట్ ప్రశ్న రాల్యా."

"పాసైనావు గదప్పా. కాయితం తీసుకోని పో."

నెల రోజులు లారీకి ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' అక్షరం వేలాడింది. రాయి మీద గుర్తులు పెట్టే ఎర్రరంగుతో దాన్ని రాసింది జీవన్‌కుమారే. లైసెన్సున్నవాడు పక్కన కూర్చోవాలి గనక రోజూ ఖాళీ బండిలో కూర్చున్నదీ అతనే. "క్లచ్చు మెల్లగా వదులన్నా" అని ఒకసారి సరదాకు అన్నాడు. ఓబులేసు చూసిన చూపుకు మళ్లీ అనలేదు. బండి తోలి చూపించే పరీక్షకు ఐదు నిమిషాలు పట్టింది. శ్రావణం ఇంకా నాలుగు రోజులుందనగా లైసెన్సు చేతికొచ్చింది. ఆచారి దాన్ని రెండువైపులా తిప్పి, తేదీ రెండుసార్లు చదివి, తాళాలు ఇచ్చాడు.

శుక్రవారం పొద్దున్నే ఆంజనేయుడు గడ్డి మీద పడుకున్నాడు. నంద్యాల దాటి, గాజులపల్లె దాటి, ఘాటు ఎక్కి, గిద్దలూరు వైపు దిగడం మొదలుపెట్టారు. రెండో గేరులో బండి మూలుగుతోంది. పక్క సీట్లో జీవన్‌కుమార్, ఒళ్లో గోరు లేని వేలు.

మలుపు తిరిగేసరికి కింద నుంచి సిమెంటు లారీ ఒకటి ఎక్కుతూ వస్తోంది. రోడ్డు ఇరుకు. ఓబులేసు కాలు బ్రేకు మీదికి పోయింది. బండి ఒకసారి వణికి, ఎడమ పక్కకు ఒదిగి నిలబడింది. అదే క్షణాన పసుపుగుడ్డ చూసిన సిమెంటు లారీ కూడా నిలబడింది.

డ్రైవర్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు.

సిమెంటు లారీ డ్రైవరు తల బయట పెట్టాడు. "ఏమప్పా, దిగు! దేవుడుండాడు గదా వెనక!"

ఓబులేసు చెయ్యి బయటికి పెట్టి, రమ్మని ఊపాడు.

"దేవుడు ఆగుతాడులే. నువ్వు జారకుండా ఎక్కు ముందు."

జీవన్‌కుమార్ డోరు తీసుకుని కిందికి దూకి, రోడ్డు పక్కనున్న పెద్దరాయి ఒకటి ఎత్తుకుని, సిమెంటు లారీ వెనక చక్రం దగ్గరికి పరిగెత్తాడు.