నీటి అడుగున పిడికిలి

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో, పెళ్లైన కొత్తలో అండమాన్ వెళ్లాం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్క ర్యాలీని కూడా వదలని మావారు స్కూబా డైవింగ్‌ని వదులుతారా? సముద్రం అడుగున ఫొటో కోసం పిడికిలి బిగించి ఎత్తారట. డైవింగ్ నేర్పే శ్రీకాకుళం ఆయన వెంటనే మావారిని పైకి ఈడ్చుకొచ్చాడు. పడవలో ఉన్న నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"గాలి అయిపోయిందా బాబూ?"

"గాలేందన్నా? నేను జై తెలంగాణ అంటున్న!"

"నీళ్లలో పిడికిలి చూపిస్తే గాలి అయిపోతోందని అర్థం బాబూ!"

తిరిగొచ్చాక మావారు ఇంటికొచ్చిన దోస్తులందరికీ ఒకటే చెప్పారు.

"సముద్రంల గూడ మన గొంతు నొక్కిండ్రురా!"

అప్పుడు తన నోట్లో గాలి గొట్టం ఉందని మాత్రం ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పటికీ ఇంట్లో ఆయన కోపంగా పిడికిలి బిగిస్తే, "గాలి అయిపోయిందా?" అని అడుగుతాను.